క్రెడిట్ అడిగే ఫోటోలు

జూన్ 3, మంగళవారం

చిన్నదానికి,

ఇవాళ్టి పనులు: బట్టలు ఉతికి ఆరేశాను. ఆయన యూనిఫాం చొక్కాలు ఇస్త్రీ చేశాను. పొయ్యి బర్నర్లు విప్పి తోమాను. బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టాను. కరెంటు బిల్లు కట్టి రసీదు ఫైల్లో పెట్టాను. పెరటి వైపు గదికి రెండో పూత రంగు వేయించాను. ఇవన్నీ అయ్యాక నీ పని మొదలుపెట్టాను.

నీ పని ఆఖర్న పెట్టానని అలగకు. మిగతావి చేతులు వాటంతట అవే చేసుకుపోయేవి. ఇది కళ్ళూ బుర్రా పెట్టి చేయాల్సింది కాబట్టి, ఇల్లు సర్దుకుని నిదానంగా కూర్చున్నాను.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. నీ రఫ్ఫు కొట్టుకి మీ వీధి జిరాక్స్ కొట్టాయన వెబ్‌సైట్ చేసి పెడతానన్నాడు. ఫోటోలు మాత్రం మీరే తెచ్చుకోండి అన్నాడు. డబ్బు పెట్టక్కర్లేనివి ఇంటర్నెట్‌లో కుప్పలుగా ఉన్నాయనీ, కానీ వెతికితే కనపడ్డవన్నీ మనవైపోవనీ, ఇంతకుముందు ఒక బేకరీ వాళ్ళు ఎవరిదో కేకు ఫోటో అడక్కుండా పెట్టుకుంటే నోటీసు వచ్చిందనీ చెప్పాడు. నీకు సూది వదిలే తీరిక లేదు. నాకు తీరికే తీరిక. అందుకని నాకు అప్పజెప్పావు. సరిగ్గా రాశానా?

ఫోన్ చేయకుండా మెయిల్ రాస్తానెందుకని మళ్ళీ అడగకు. మీ బావగారు రాత్రంతా నీళ్ళ పంపుల దగ్గర డ్యూటీ చేసి వచ్చి ముందు గదిలో పడుకుంటారు. ఆ గదికే గాలి. మా ఇంట్లో పగలే అర్ధరాత్రి. గరిటె కింద పెట్టాలన్నా గుడ్డ పరిచి పెడతాను.

ఇవాళ వెతికింది రాస్తాను. సూది అని కొడితే అన్నీ ఇంజెక్షన్లు. రిపేర్ అని కొడితే కారు కింద దూరిన మనుషులు. రఫ్ఫు అని తెలుగులోనే కొట్టాను. గరుకు గోడలూ, గడ్డం మాసిన మగవాళ్ళూ వచ్చారు. చిరుగు పడ్డ చోట అదే బట్టలోంచి పోగు తీసి, చిరుగు కనపడకుండా నేసే పని అని ఆ యంత్రానికి ఎలా చెప్పాలో ఇంకా తెలియలేదు. రేపు ఇంకో రకంగా అడిగి చూస్తాను.

చాలాసేపు చెయ్యి కదపకపోతే ఆ సైట్ "మీరింకా ఉన్నారా?" అని అడుగుతుంది. ఉన్నాను అన్న చోట నొక్కాను. ఇవాళ నన్ను పలకరించింది అదొక్కటే.

అత్తగారు పోయి ఇన్నేళ్ళయినా నా నోటికి నీ పేరు రాదు చూడు. పెద్ద కోడలు పెద్దది, చిన్న కోడలు చిన్నది. ఆవిడ పెట్టిన పేర్లే మిగిలాయి. వేళకి తిను.

పెద్దది


జూన్ 6, శుక్రవారం

అక్కయ్యా,

గడ్డం మాసిన మగవాళ్ళ గురించి చదివి కౌంటర్ దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ప్యాంటు తీసుకోవడానికి వచ్చిన ఆయన తన ప్యాంటు చూసి నవ్వుతున్నాననుకుని మొహం ముడుచుకున్నాడు. నీ వల్ల ఒక గిరాకీ పోయేది.

కొట్టు ఎలా ఉందో చెప్పలేదు కదూ. లాండ్రీ మెషీన్లు అమ్మేశాక కొట్టుకి నడుమ చెక్క గోడ కట్టి సగం ఖాళీ చేశాను. నా సగంలో బల్ల, దీపం, దారాల అలమారా, నేను. అటు సగం ఖాళీగానే ఉంది. పక్కనే సెల్ కవర్లు అమ్మే అతను రెండు సగాలూ తనకే కావాలని ఓనరు వెంటపడుతున్నాడు. మొన్న ఓనరు వచ్చాడు.

"ఏమ్మా, కొట్టు ఉంచుకుంటున్నావా, తీసేస్తున్నావా?"

"ఉంచుకుంటానండీ."

"గిరాకీ ఏదీ? నాకేం కనపడ్డంలేదే."

"కనపడకుండా చేయడమే నా పనండీ."

ఆయన నవ్వలేదు. నెలాఖరుకి మళ్ళీ వస్తానన్నాడు. అప్పటికి కొట్లో నాలుగు మొహాలు కనపడకపోతే అగ్రిమెంటు రాయడు. అదీ నా గొడవ. ఈ రోజుల్లో జనం ఏ కొట్టుకి వెళ్ళాలన్నా ముందు ఫోన్లో వెతికి, బొమ్మ చూసి, అప్పుడు కాలు బయటపెడతారట. నాకు బొమ్మ లేదు. జిరాక్స్ కొట్టాయన మూడు ఫోటోలు చాలన్నాడు. మొదటి పేజీకి ఒకటి, "మా పని" అన్న పేజీకి ఒకటి, అడ్రసు పేజీకి ఒకటి. మొదటిది మాత్రం చూడగానే కన్ను ఆగిపోయేలా ఉండాలట.

కొట్టు పోతే నువ్వు నన్ను రమ్మంటావని తెలుసు. పెరటి గదికి రంగు ఎందుకు వేయిస్తున్నావో కూడా తెలుసు, అమాయకురాల్ని కాదు. నీకెదురు చెప్పాలని కాదు కానీ, అక్కయ్యా, నీ మరిది పోయాక ఇన్నాళ్ళూ నేను పొద్దున్నే లేచి తల దువ్వుకున్నది ఈ షట్టర్ ఎత్తాలి కాబట్టే. ఇది లేకపోతే నేను ఒకరింట్లో చిన్నదాన్ని, అంతే.

అందుకని తొందరగా వెతుకు. నీ చేతికి చిక్కితే ఏదైనా తేలాల్సిందే. పాతిక రకాల సబ్బుల్లో ఏది ఎక్కువ రోజులు వస్తుందో కనిపెట్టిన మనిషివి. బావగారికి నమస్కారాలు, లేచాక చెప్పు.

చిన్నది


జూన్ 10, మంగళవారం

చిన్నదానికి,

ఇవాళ పరుపులు ఎండబెట్టాను. పెరటి గది కిటికీకి కొత్త తెర కుట్టి తగిలించాను. దూలానికి ఫ్యాను బిగించే మనిషి రేపు వస్తానన్నాడు.

ఫోటోలు ఊరికే ఇచ్చే చోట్లు దొరికాయి. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. వరసగా చూశాను. సూది బొమ్మలు, దారం ఉండలు, అద్దాల కిటికీ పక్కన ఎవరివో ముడతల చేతులు. ఒకటైతే, బల్ల మీద సూదికి ఎక్కించిన తెల్ల దారం, దాని వెనక మసగ్గా ఒక దీపం. నీ బల్లే అనుకున్నాను. కాసేపు అక్కడే ఆగిపోయాను.

కానీ కింద చిన్న అక్షరాలు చదవకుండా నేను ఏదీ తీసుకోనని నీకు తెలుసు. చదివాను. "ఉచితం. క్రెడిట్ ఇవ్వవలెను" అని ఉంది. ఊరికే ఇస్తున్నామంటూనే మళ్ళీ క్రెడిట్ ఏమిటి? ఇప్పుడు చేతిలో పెట్టి, ఖాతాలో రాసుకుని, తర్వాత వసూలు చేస్తారన్నమాట. రెండోదీ అంతే, మూడోదీ అంతే. బాగున్న ప్రతిదాని కిందా అదే మాట. ఇంకో చోట "రాయల్టీ ఫ్రీ" అని పెద్దగా రాసి ఉంటే ఫ్రీ అన్న మాట పట్టుకుని లోపలికి వెళ్ళాను. రెండో మెట్టు మీదే కార్డు నంబరు అడిగారు. వెనక్కి వచ్చేశాను.

మొహాలున్న ఫోటోలు కూడా పక్కన పెట్టాను. ఎవరో తెల్లగా నవ్వే ఆవిడ నీ కొట్లో సూది పట్టుకుని కూర్చున్నట్టు పెడితే, వచ్చినవాళ్ళు ఆవిడేదీ అని అడుగుతారు. ఏం చెప్తావు?

ఏ షరతూ లేనిది ఒక్కటి దొరికింది. మడత పెట్టిన బూడిదరంగు బట్ట. జతచేశాను. చిరుగు లేదు, మరక లేదు. రఫ్ఫు చేశాక కనపడేది ఇలాగే కదా, ఎవరు కాదంటారు?

క్రెడిట్ ఫోటోలు మాత్రం మనకొద్దు. అరువుతో మొదలైన పని ఎక్కడ తేలుతుందో చూసినదానివి, నీకు నేను చెప్పక్కర్లేదు.

ఎదురింటావిడ డాబా మీద బట్టలు ఆరేస్తుంటే చెయ్యి ఊపాను. దులుపుకుంటున్నాననుకుందేమో, తనూ ఒక దుప్పటి దులిపి లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దది


జూన్ 13, శుక్రవారం

అక్కయ్యా,

బూడిదరంగు బట్ట అందింది. జిరాక్స్ కొట్టాయనకి చూపించాను.

"ఇదేంటమ్మా?"

"బట్టండీ."

"చిరుగేదీ?"

"లేదు."

"పోనీ రఫ్ఫేదీ?"

"అదీ లేదు."

"మరి మీరు దీనికేం చేశారు?"

ఎవరో, ఎక్కడో, మగ్గం మీంచి కొత్తగా దించిన బట్టని నా పని అని పెట్టుకోమన్నావు. నేను ఒక్కో పోగు లెక్కపెట్టి మెడ వంగిపోయేలా కూర్చునేది ఎందుకు? ఏ పనీ చేయనివాళ్ళు కూడా ఇదే ఫోటో పెట్టుకోవచ్చు. కాదని ఎవరూ అనలేరు కాబట్టి పెట్టమంటావా? అదే నాకు గుచ్చుకుంది.

అదీ సరే, మింగేశాను. ఆ ఆఖరి మాట మాత్రం మింగుడు పడలేదు. అరువుతో మొదలైన పని ఎక్కడ తేలుతుందో చూసినదానివి అన్నావు. చూశాను. నీ మరిది మెషీన్లు అప్పు చేసి కొన్నాడు, ఆ అప్పు ఉండగానే పోయాడు. మెషీన్లు అమ్మి తీర్చాను. ఎవరింటి గడపా తొక్కలేదు, మీ ఇంటి గడప కూడా. మా కౌంటర్ మీద ఇప్పటికీ "క్రెడిట్ ఇవ్వబడదు" అన్న బోర్డు ఉంది, ఆయన తగిలించిందే. అరువంటే ఏమిటో నాకు ఇంకొకళ్ళు నేర్పక్కర్లేదు. సూది ఫోటో అడిగితే సూది పెట్టి పొడిచావు.

రోజుల తరబడి చూసి ఒక్క ఫోటోనా? నెల సగం అయిపోయింది. నువ్వేమో నిమ్మకు నీరెత్తినట్టు తెరలు కుట్టుకుంటున్నావు.

చిన్నది


జూన్ 17, మంగళవారం

చిన్నదానికి,

ఇవాళ గిన్నెల అలమారా సర్దాను. పాత వార్తాపత్రికలు కట్టలు కట్టాను. ఆయన టిఫిన్ డబ్బా మూతకి కొత్త రబ్బరు వేశాను.

నేనొకటి రాస్తే నువ్వొకటి చదివావు. ఫోటోల గురించి రాశాను. మరిది గురించి రాయలేదు. ఆయన ఎంత మంచివాడో నువ్వు నాకు చెప్పక్కర్లేదు, నా పెళ్ళినాటికి నిక్కర్లు వేసుకునేవాడు, లెక్కలు నేనే చెప్పేదాన్ని. నీకు కష్టం కలిగితే ఆ వాక్యం కొట్టేసుకో.

ఇంకా వెతుకుతూనే ఉన్నాను. కత్తెర, గుండీలు, కుట్టుమిషను, అన్నిటికీ కింద క్రెడిటే. ఏ షరతూ లేనివి రెండు దొరికాయి కానీ ఒకటి చేపల వల, ఒకటి గాయానికి కుట్లు. అవి పంపితే ఇంకోసారి తిట్టించుకోవాలి.

చిన్నదానా, ఒక మాట చెప్తాను, ఒంటికాలి మీద లేవకుండా విను. పెరటి గదికి లేత ఆకుపచ్చ రంగు వేయించాను, సూదిపని చేసే కళ్ళకి చల్లగా ఉంటుందని. కిటికీ కింద బల్ల వేశాను. వెలుతురు ఎడమచేతి వైపు నుంచి పడేలా చూసి వేశాను. ఫ్యాను బిగించారు, చప్పుడు లేదు. ఇక్కడ ఓనర్లు వచ్చి గిరాకీ ఏదీ అని అడగరు. రఫ్ఫు ఇక్కడా చేసుకోవచ్చు, బట్టలు ఎక్కడైనా చిరుగుతాయి.

మధ్యాహ్నం నువ్వు అటు సూది పట్టుకుని కూర్చుంటే నేను ఇటు కూరగాయలు తరుక్కుంటాను. మాట్లాడక్కర్లేదు. ఆయన నిద్రలో ఉంటారు కాబట్టి ఎలాగూ మాట్లాడలేం. ఊరికే ఆ గదిలో ఒక మనిషి ఉంటే చాలు. సాయంత్రం ఆయన లేచి "నీళ్ళు" అంటారు, "తాళం చెవి" అంటారు, "వస్తా" అంటారు. మంచి మనిషే, అలసిపోయి ఉంటారు. పిల్లల్లేని ఇల్లు కదా, ఆ మూడు మాటల తర్వాత ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చుంటాను.

ఆలోచించుకో.

పెద్దది


జూన్ 20, శుక్రవారం

అక్కయ్యగారికి,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను.

ఇవాళ జిరాక్స్ కొట్టాయన దగ్గరికి వెళ్ళి అరువు లేని ఫోటోలు ఎక్కడా లేవా అని అడిగాను. అరువేంటని ఆయన తెల్లమొహం వేశాడు. మీరు రాసింది చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"క్రెడిట్ అంటే అప్పు కాదమ్మా. పేరు."

"ఎవరి పేరు?"

"ఫోటో తీసినవాళ్ళది. వాళ్ళ పేరు కింద చిన్నగా వేయాలి, అంతే. సినిమా అయిపోయాక తెర మీద పేర్లు పోతుంటాయి చూడండి, అలాంటిది. దానికి పైసా ఖర్చు లేదు."

"అంటే పేరు వేస్తే చాలా?"

"చాలు. మీ అక్కయ్యగారు వద్దన్నవన్నీ మీరు నిక్షేపంగా వాడుకోవచ్చు."

తలుపు దగ్గర ఇద్దరు జిరాక్సులకోసం నిలబడి ఉన్నారు. వాళ్ళు కూడా నవ్వారు.

మొదట నాకూ నవ్వొచ్చింది. నా కౌంటర్ మీద ఆ బోర్డు పెట్టుకుని నేను మాత్రం ఏం తెలుసుకున్నాను? ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే నవ్వు పోయింది. కరెంటు బిల్లులో ఒక పద్దు అర్థం కాకపోతే ఆఫీసుకి వెళ్ళి ముగ్గుర్ని అడిగి వచ్చిన మనిషి మీరు. నీళ్ళ బిల్లులో ఒక మాట తేడాగా ఉందని నాలుగుసార్లు రాసి సరిచేయించిన మనిషి మీరు. ఈ ఒక్క మాటకి అర్థం ఎవర్నీ అడగాలనిపించలేదా? పక్కనే బావగారున్నారు. సాయంత్రం లేచాక అడగడానికి ఎంతసేపు?

ఉత్తరాలన్నీ వరసగా మళ్ళీ చదివాను. ఫోటో దొరకలేదు, గదికి రంగు వేశాను. ఫోటో దొరకలేదు, తెర కుట్టాను. ఫోటో దొరకలేదు, ఫ్యాను బిగించాను. నాకు ఫోటో దొరకకూడదనే మీరు వెతుకుతున్నారా అక్కయ్యగారూ? రంగు ఆరేదాకా ఆగమని చెప్తే పోయేది.

ఓనరు రావడానికి ఇక పది రోజులు. ఫోటోలు నేనే చూసుకుంటాను, మీరు శ్రమపడకండి. బల్ల కూరగాయలకి పనికొస్తుంది.

ఇట్లు,
మీ తోడికోడలు


జూన్ 22, ఆదివారం

చిన్నదానికి,

ఇవాళ్టి పనులు రాయను.

నువ్వు "మీరు" అని రాసిన ప్రతిచోటా ఆగి, మళ్ళీ చదివాను. కొత్త కోడలిగా వచ్చిన నెల కూడా నువ్వు నన్ను మీరు అనలేదు. అత్తగారు కసిరినా అనలేదు.

క్రెడిట్ అంటే పేరని నాకు తెలియదు. అది నమ్ము. అడగాలని మాత్రం తోచలేదు. ఎందుకు తోచలేదో నువ్వు రాసేశావు, దానికి నేను చేర్చేదేమీ లేదు.

నేను వద్దన్న ఫోటోల్లో మంచివి ఏరి జతచేశాను. ప్రతిదాని పక్కన తీసినవాళ్ళ పేరు ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎలా పలకాలో తెలియని పేర్లు ఉన్నాయి, అక్షరం పోకుండా చూసుకోమని ఆయనకి చెప్పు. తెల్ల దారం ఫోటో అడ్రసు పేజీకి బాగుంటుంది. కత్తెరది "మా పని" పేజీకి. మొదటి పేజీకి మాత్రం వీటిలో ఏదీ చాలదు. చూడగానే కన్ను ఆగాలన్నాడు కదా. ఇవి చక్కగా ఉన్నాయి, కానీ ఎవరి కొట్టుకైనా సరిపోతాయి. చిరగని బట్ట గురించి నువ్వన్నది నిజమే.

నిన్న నా నీలం శాలువా తీశాను. అందరం ఒకే ఇంట్లో ఉన్నప్పుడు తలుపు గడియకి పట్టుకుని చిరిగితే, అత్తగారు నిద్ర లేచేలోపు నువ్వు వంటింటి గుమ్మంలో కూర్చుని రఫ్ఫు చేసి ఇచ్చావు, గుర్తుందా. ఆ చోటు ఫోటో తీద్దామని మీ బావగారి ఫోన్ తీసుకున్నాను. చోటు కనపడలేదు. కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను, కనపడలేదు. వేళ్ళతో తడిమాను, తగల్లేదు. వేరే శాలువా తీశానేమోనని పెట్టె మొత్తం దింపాను. అదే శాలువా. చిరుగు ఎక్కడ పడిందో కూడా నాకు బాగా తెలుసు, కుడి అంచుకి జానెడు లోపల. అక్కడ బట్ట తప్ప ఏమీ లేదు.

ఆఖరికి తిరగేశాను. వెనక వైపు నువ్వున్నావు. ఇటు పోగూ అటు పోగూ, చీమంత చాప అల్లినట్టు, చివర్లు కత్తిరించకుండా వెంట్రుకల్లా వదిలేసి. ఎన్నో ఏళ్ళు కప్పుకున్నాను, ఒక్కసారి తిరగేసి చూడలేదు.

పెరటి గదిలో వెలుతురు బాగుందని అక్కడి బల్ల మీద పరిచి తీశాను. రెండు ఫోటోలు. ముందు వైపు, వెనక వైపు. పక్కపక్కనే పెట్టు. ముందు వైపు చూసినవాళ్ళు ఏముందిందులో అనుకుంటారు, పక్కది చూశాక మళ్ళీ మొదటిదానికి వెళ్తారు. ఇలాంటిది ఊరికే ఇచ్చే చోట్లలో ఎక్కడా లేదు, అన్నీ చూశాను కాబట్టి చెప్తున్నాను.

నీ పనికి అడ్డం పడ్డాను. కోపం పోయినప్పుడే రాయి.

పెద్దది


జూలై 1, మంగళవారం

అక్కయ్యా,

నువ్వు నువ్వు నువ్వు. చాలా, ఇంకా రాయమంటావా?

కోపం ఆ శాలువా ఫోటో తెరిచిన నిమిషంలోనే పోయింది. వెంటనే ఎందుకు రాయలేదంటే తీరిక దొరకలేదు, ఈసారి నిజంగానే. ముందు నుంచి చెప్తాను.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే జిరాక్స్ కొట్టాయన వాటి మీదకి వంగి అటూ ఇటూ చూశాడు. తర్వాత మొదటిదాని మీద వేలు పెట్టి "చిరుగు ఇక్కడేనా?" అన్నాడు. "అక్కడే" అన్నాను. "అబద్ధం" అన్నాడు. అంతకంటే నాకేం కావాలి? వెంటనే మొదటి పేజీకి ఎక్కించాడు. కింద "ముందు", "వెనక" అని రెండే మాటలు.

మిగతా ఫోటోల కింద నువ్వు పంపిన పేర్లన్నీ వేశాడు. శాలువా ఫోటో దగ్గరికి వచ్చి "దీనికి క్రెడిట్ ఎవరికమ్మా?" అన్నాడు.

"పెద్దది అని వేయండి."

"పేరు చెప్పండమ్మా."

"అదే పేరు. పెద్దది."

"ఫోటో, పెద్దది అని రాస్తే సైజు అనుకుంటారమ్మా. నొక్కితే పెద్దదవుతుందనుకుంటారు."

"అనుకోనివ్వండి. క్రెడిట్ ఇవ్వకుండా ఫోటో వాడుకోకూడదని మీరే చెప్పారు."

తల పట్టుకుని అలాగే వేశాడు. ఆయన చెప్పినట్టే అయింది. చూసినవాళ్ళందరూ నీ పేరు మీద నొక్కుతున్నారట. చివరికి ఆయనే విసిగి, నీ పేరు నొక్కితే బొమ్మ నిజంగానే పెద్దదయ్యేలా మార్చేశాడు.

శనివారం ఒకావిడ వచ్చింది. "వెనక వైపు చూపించే కొట్టు ఇదేనాండీ?" అంది. వాళ్ళ నాన్నగారి కోటు, మోచేతి దగ్గర పోయింది. పని చెప్పి, తయారయ్యాక వెనక వైపు కూడా చూపించమని షరతు పెట్టి మరీ వెళ్ళింది. నిన్న ఓనరు వచ్చేసరికి కౌంటర్ ముందు ఇద్దరు, బయట మెట్టు మీద ఒకరు. ఆయన మెట్టు మీదాయన పక్కన నిలబడి తన వంతు కోసం ఆగాడు. లోపలికి వచ్చి "ఏడాదికి రాద్దామా?" అన్నాడు. రాశాం.

అంటే నేను రావడం లేదు అక్కయ్యా. ఈ మాట రాయడానికి ఉత్తరమంతా తిరిగొచ్చాను. ఆకుపచ్చ గోడల ముందు కూర్చుని నీ కత్తిపీట చప్పుడు వింటూ సూదిపని చేయాలని నాకు లేదనుకోకు. రోజూ షట్టర్ దించాక లోపలి దీపం ఆర్పాలంటే చెయ్యి రాదు. ఈ ఊళ్ళో నాకూ "వస్తా" అని చెప్పి వెళ్ళేవాళ్ళు లేరు. అయినా పొద్దున్నే ఎవరో ఒకరు కోటు పట్టుకుని నిలబడి ఉంటారు, వాళ్ళకి నేను తెలుసు. అది వదులుకుని వస్తే, నీ దగ్గర కూర్చున్నా నేను బాగుండను. నన్ను చూసి నువ్వూ బాగుండవు.

ఆ రోజు మరీ కటువుగా రాశాను. ఆ "మీరు"లన్నీ కొట్టేసుకో.

చిన్నది


జూలై 4, శుక్రవారం

చిన్నదానికి,

ఇవాళ్టి పనులు: ముందు గది ఊడ్చి తుడిచాను. మీ బావగారి మంచం విప్పి, ఇద్దరం కలిసి పెరటి గదికి మార్చి బిగించాం. బల్ల వంటింటి గుమ్మం పక్కకి తెచ్చాను. నూనె డబ్బా నింపాను. ఇస్త్రీ బట్టలు లెక్క సరిచూశాను.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. అంతా విని "ఆ గదికి ఇక ఎవరూ రారు కదా, నేను అక్కడ పడుకోనా?" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తు లేదు. ఫ్యాను చప్పుడు లేదు, తెర మందంగా ఉంది, తలుపు వేస్తే ఇటు మాట అటు పోదు. ఇవాళ మొదటి రోజే నా చేతిలోంచి పళ్ళెం జారి పడింది. కొయ్యబారిపోయాను. ఆయన కదల్లేదు. పనులన్నీ అయ్యాక రెండో పళ్ళెం కావాలనే కొంచెం గట్టిగా పెట్టాను.

కాబట్టి ఇక పగలు ఫోన్ చేయవచ్చు. ఇవాళ మధ్యాహ్నం నేనే చేశాను. బిజీ వచ్చింది. కాసేపు ఆగి మళ్ళీ చేశాను, మళ్ళీ బిజీ. మంచిదే. అంత సేపూ మాట్లాడేవాళ్ళు వస్తున్నారన్నమాట. మూడోసారి చేయలేదు, గిరాకీకి అడ్డం రావడం ఎందుకని.

దానికి బదులు నీ వెబ్‌సైట్ తెరిచి కూర్చున్నాను. పగటిపూట నా గొంతు నేను విని చాలా రోజులైంది, అందుకని పైకే చదివాను, అడ్రసుతో సహా. శాలువా ఫోటో దగ్గర, ముందు, వెనక అన్న మాటల కింద, నా పేరుంది. నొక్కాను. బొమ్మ తెర నిండా పరుచుకుంది. ఒక్కో పోగూ కనపడింది. వాటిలో ఒకటి కొంచెం వంకరగా పోయింది, అత్తగారి దగ్గు వినపడి తొందరపడి ఉంటావు.

ఫోటోకి ఇవ్వాల్సిన క్రెడిట్ ఇచ్చావు. నాకు ముట్టింది. ఇవాళ్టి తేదీతో చెల్లు రాసుకున్నాను.

పెద్దది